స్వయంగా చేస్తుంది

సెప్టెంబరు 2, సోమవారం

దుప్పట్ల గదిలో కూర్చుని రాస్తున్నాను. పిల్లలు పన్నెండుమందీ బడికి వెళ్ళారు. మూడున్నర దాకా పెద్దమ్మ ఎక్కడుందని ఈ హోమ్‌లో ఎవరూ అడగరు. పెద్దమ్మంటే నేనే. పదకొండేళ్ళుగా ఇక్కడ ఎంతమంది పిల్లలు వచ్చి వెళ్ళినా అందరికీ పెద్దమ్మనే. సొంత చెల్లెలి పిల్లలు మాత్రం ఆంటీ అంటారు.

పొద్దున ఉత్తరం వచ్చింది. సూపరింటెండెంటు మేడమ్ స్వయంగా నా దగ్గరికి తెచ్చింది. ఆవిడ మొహంలో అంత నవ్వు నేనెప్పుడూ చూడలేదు.

"చూశారా పెద్దమ్మగారూ, మన పిచ్చుక ఎంత ఎదిగిపోయిందో!"

పిచ్చుకకి తొమ్మిదేళ్ళు. మునివేళ్ళ మీద గెంతుతూ నడుస్తుందని వంటాయన పెట్టిన పేరు అది. నాలుగేళ్ళప్పుడు ఎవరో ఆసుపత్రి వరండాలో వదిలేసి వెళ్తే మా దగ్గరికి చేర్చారు. ఆటిజం అని అప్పుడే కాగితం మీద రాశారు. ఇప్పటికి మాటలు పదో పన్నెండో వచ్చాయి.

ఉత్తరంలో ఉన్నది ఇంతే. హోమ్ నివేదికల ప్రకారం పాప నలభై పనుల్లో ముప్పై నాలుగు స్వయంగా చేసుకుంటోంది. కాబట్టి వచ్చే టర్ము నుంచి తరగతిలో పక్కన కూర్చునే తోడు టీచరు అవసరం లేదు. ఇరవయ్యో తేదీన మదింపు అధికారిణి వచ్చి పాపని చూసి, ఈ నిర్ణయం ఖాయం చేస్తుంది.

ఆ నివేదికలు రాసేది నేను. ముప్పై నాలుగు టిక్కులూ నావే. వాటిలో నిజమైనవెన్నో చూద్దామని వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండో చెయ్యి అవసరం రాలేదు.

సెప్టెంబరు 3

ఉత్తరం సంగతి ఆలోచించలేదు. దిండు గలేబులన్నీ ఉతికించి, నంబర్ల ప్రకారం సర్దాను.

సెప్టెంబరు 5, గురువారం

పిచ్చుక కోసమే చేశాను. ఇది ఒకసారి రాసి పెట్టుకుంటే మంచిది.

మూడు నెలలకొకసారి ఒక్కో పిల్లకీ ఒక ఫారం. నలభై వరసలు, మూడు గడులు. స్వయంగా చేస్తుంది, సాయంతో చేస్తుంది, చేయలేదు. పళ్ళు తోముకోవడం దగ్గర మొదలై పేరు రాయడం దాకా. రెండేళ్ళ క్రితం వరకూ నేను ఉన్నదున్నట్టు రాసేదాన్ని. అప్పుడు మా దగ్గర ఒక బాబు ఉండేవాడు, ఎనిమిదేళ్ళు, ఉన్నచోటే గిర్రున తిరిగేవాడు, అందుకని బొంగరం అనేవాళ్ళం. వాడి ఫారంలో ముప్పై చోట్ల 'చేయలేదు' అని పెట్టాను. అది చూసి ఇంకో టీచరుని పంపుతారనుకున్నాను. వ్యాను పంపారు.

నెల తర్వాత సెలవు పెట్టి, వాడిని తీసుకెళ్ళిన చోటికి వెళ్ళి చూశాను. దాన్ని మా పిల్లలు పెద్ద భవనం అంటారు. అక్కడ బడి లేదు. పొడుగాటి హాలు, గోడ వెంబడి కుర్చీలు, కుర్చీకొక పిల్ల. బొంగరం తిరగడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఏ గొడవా లేదండీ, చాలా బుద్ధిమంతుడు" అంది అక్కడి ఆయా, మెచ్చుకుంటున్నట్టు. నన్ను చూసి వాడు తల కూడా తిప్పలేదు.

ఆ తర్వాత నా పెన్ను మూడో గడి వైపు పోవడం మానేసింది. మరీ నమ్మించలేని వరసలుంటే ఖాళీగా వదిలేసేదాన్ని. దీన్ని ఎవరైనా తప్పంటే అననీ. వాళ్ళు ఆ హాల్లోకి వెళ్ళి చూసి వచ్చి అనాలి.

సెప్టెంబరు 9, సోమవారం

తోడు టీచరు బడి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు. పిచ్చుక ఆ అమ్మాయిని 'అక్క' అంటుంది. పిచ్చుకకున్న పన్నెండు మాటల్లో అదొకటి. 'పెద్దమ్మ' ఇంకా రాలేదు. మూడు అక్షరాలు కదా, కష్టమే.

ఆ అమ్మాయికి కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"మిమ్మల్ని ఒకటి అడగాలి పెద్దమ్మగారూ. ఏమీ అనుకోకండి. ఇంట్లో గుండీలన్నీ తనే పెట్టుకుంటుందట కదా. పేరు కూడా రాస్తుందట. నా దగ్గర ఎందుకు చెయ్యట్లేదు?"

"ఎవరన్నారు?"

"హెడ్మాస్టరు గారు. మీ ఫారం చూపించారు. ఇంట్లో చేసే పిల్ల బడిలో చెయ్యట్లేదంటే లోపం నీలోనే ఉంది, నువ్వే పిల్లని సోమరిని చేస్తున్నావ్ అన్నారు. నిజమేనేమో. సంవత్సరం నుంచీ చూస్తున్నా."

సంచిలోంచి ఒక నోటు పుస్తకం తీసింది. రోజుకొక పేజీ. ఒక పేజీలో ఇలా ఉంది: కింది రెండు గుండీలు తనే పెట్టుకుంది, పదకొండు నిమిషాలు పట్టింది, మూడోదానికి నా వేలు పట్టుకుంది. ఇంకో పేజీలో: గంట మోగినప్పుడు చెవులు మూసుకుంది కానీ బెంచీ కిందికి వెళ్ళలేదు. అలాంటివి ఏడాది పొడుగునా ఉన్నాయి.

"మీరెలా చేయిస్తారో ఒక్కరోజు నాకు చూపించండి. నేర్చుకుంటాను" అంది.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. చివరికి నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఓపిక ఉండాలమ్మా."

తలూపి వెళ్ళిపోయింది. నా సలహాని పుస్తకంలో రాసుకుని మరీ వెళ్ళింది.

సెప్టెంబరు 10

పొద్దున పిచ్చుకకి చొక్కా తొడిగి, చేతులు తీసేసి నిలబడ్డాను. తను దర్జీ ముందు కొలతలకి నిలబడ్డట్టు రెండు చేతులూ చాచి నిలబడింది. స్నానాల గది ముందు వరసలో ఐదుగురు. ఒకడు టూత్‌పేస్టు గోడకి పూస్తున్నాడు. బస్సు ఏడూ ఇరవైకి. నేను గడియారం చూశాను. నలభై సెకన్లు ఆగాను. ఐదు గుండీలూ పెట్టేశాను.

పన్నెండుమంది, ఒక్కదాన్ని, అరగంట. నా చేతులకున్న వేగం వాళ్ళకి ఎక్కడినుంచి వస్తుంది?

సెప్టెంబరు 12, గురువారం

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అధికారిణి ముందు పిచ్చుక చేసి చూపిస్తే తోడు టీచరు పోతుంది. చేయలేకపోతే, ఈ పిల్లకి బడి దండగ అని పెద్ద భవనానికి రాస్తారు.

తోడు టీచరు రాకముందు ఏం జరిగేదో నాకు బాగా గుర్తుంది. తరగతిలో యాభై రెండు మంది. ఆ చప్పుడు పడక ఒక టర్మంతా బెంచీ కింద కూర్చుంది. మణికట్టు కొరుక్కునేది. సాయంత్రం స్నానం చేయిస్తుంటే పంటిగాట్లకి సబ్బు తగిలి మండేది, అయినా ఏడ్చేది కాదు. ఆ మచ్చలు ఇంకా తెల్లగా కనిపిస్తాయి. మళ్ళీ ఆ రోజులు వస్తాయంటే నాకు అన్నం దిగడం లేదు.

మేడమ్ ఇవాళ కూడా వెన్ను తట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

సెప్టెంబరు 14, శనివారం

బడి లేదు. పొద్దున్నుంచి గుండీలే. విప్పడం, చొక్కా అంచు తన చేతిలో పెట్టడం, "పెట్టు" అనడం. ఇరవైసార్లు అనుకున్నాను, ఆరోసారికే పిచ్చుక నేల మీద పడుకుని తల కొట్టుకోవడం మొదలుపెట్టింది. నా అరచెయ్యి తన తల కింద పెట్టాను. నా చెయ్యి ఇప్పుడు వాచి ఉంది. పర్వాలేదు.

చప్పుడు విని వంటాయన గరిటెతోనే వచ్చాడు.

"అక్కా, పిల్ల కోసం గుండీలా, గుండీల కోసం పిల్లా?"

"నీ పని నువ్వు చూసుకో. నీ గిన్నె మాడుతోంది."

"నా గిన్నె మాడితే నాకు వాసన తెలుస్తుంది. నీకింకా తెలిసినట్టు లేదే?"

వాడికి నోరెక్కువ. వంట మాత్రం అంతంతమాత్రం.

సెప్టెంబరు 15

ఇవాళ ఏమీ చేయించలేదు. పిచ్చుక రోజంతా నేనున్న వైపు రాలేదు.

సెప్టెంబరు 17, మంగళవారం

చేసిన పాపం చెబితే పోతుందంటారు కదా. మేడమ్ గది దాకా వెళ్ళాను. లోపల గోడకి నా ఫోటో ఉంది, పోయిన ఏడాది ఇచ్చిన 'ఉత్తమ సంరక్షకురాలు' పత్రంతో సహా. దాని కింద కూర్చుని మేడమ్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది.

"మా పిల్లలు వేరండీ. మా పెద్దమ్మగారి చేతి మహిమ."

ఫోన్ పెట్టేసి, ఏంటండీ అని అడిగింది. ఈ నెల సబ్బులు తక్కువ వచ్చాయన్నాను. నిజానికి సరిపడా వచ్చాయి. ఇప్పుడు అదొక అబద్ధం.

అబద్ధం చెబితే అతికినట్టుండాలంటారు. నాది మరీ అతుక్కుపోయింది, ఊడదీస్తే చర్మం కూడా వచ్చేటట్టుంది. ఉద్యోగం పోతుందని భయమా అంటే, అవును, భయమే. యాభై రెండేళ్ళొచ్చాయి, ఈ దుప్పట్లూ ఈ పిల్లలూ తప్ప నాకు ఇంకేం తెలుసు? కానీ చేసింది పిచ్చుక కోసమే. ఆ పత్రం సంగతి నేను అడగలేదు, వాళ్ళే ఇచ్చారు. ఇచ్చిన రోజు ఫోటో పంపాను చూడమని చెల్లెలికి నేనే ఫోన్ చేసిన మాట నిజమే.

సెప్టెంబరు 19, గురువారం

రేపే. నిన్న మధ్యాహ్నం పిచ్చుక చొక్కాకి లోపలివైపు టిచ్ బటన్లు కుట్టాను. పైన గుండీలు అలాగే ఉంటాయి, ఊరికే నొక్కితే చాలు. చూసినవాళ్ళకి తెలియదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పొద్దున తొడగబోతే, పిచ్చుక లోపలివైపు వేలు పెట్టి తడిమింది. చల్లగా తగిలినట్టుంది. చొక్కా లాగి పారేసి, రెండు చెవులూ మూసుకుని అరిచింది. పాత చొక్కా తెచ్చేదాకా ఆపలేదు. ఆ పిల్లని మోసం చేయడం కష్టం. పెద్దవాళ్ళనైతే రెండేళ్ళుగా చేస్తూనే ఉన్నాను.

మంచినీళ్ళు తాగి మళ్ళీ వచ్చి రాస్తున్నాను.

సెప్టెంబరు 20, శుక్రవారం

అంతా వరసగా రాస్తాను. రాస్తే తప్ప జరిగిందని నమ్మకం కలగదు.

పదకొండింటికి మేడమ్ గదిలో కూర్చున్నాం. అధికారిణి, మేడమ్, తోడు టీచరు, నేను, పిచ్చుక. అధికారిణి నా ఈడుదే. ఆవిడ గొంతు చాలా చిన్నది. వచ్చీ రాగానే ఫ్యాను శబ్దం చేస్తోందని ఆపించింది, చెప్పులు విప్పి నేల మీద కూర్చుంది. ఈవిడకి పిల్లల సంగతి తెలుసు అనుకున్నాను. దానితో భయం ఇంకా ఎక్కువైంది.

ఆవిడ రెండు పుస్తకాలు పక్కపక్కన పరిచింది. ఒకటి ఇంటిపని పుస్తకం. అక్షరాలు గుండ్రంగా, వరస తప్పకుండా ఉన్నాయి. ఇంకొకటి తరగతి పుస్తకం. పేజీకి నాలుగైదు గీతలు, ఒకచోట వంకరగా ఒక సున్నా.

"ఒకే పాప, ఒకే వారం" అంది. ఎవర్నీ తప్పుపడుతున్నట్టు అనలేదు. "ఇంట్లో ఎలా రాస్తుందో ఒకసారి రాయించండి పెద్దమ్మగారూ. మీకు అలవాటైన పద్ధతిలోనే."

నేను వెళ్ళి పిచ్చుక పక్కన కూర్చున్నాను. పెన్సిలు తన చేతికిచ్చాను. తను పెన్సిలు పట్టుకుంది. పట్టుకుని, రెండో చేత్తో నా కుడిచెయ్యి తీసి తన పిడికిలి మీద పెట్టుకుంది. సరిగ్గా పడలేదని కొంచెం జరిపింది. జరిపి, తల తిప్పి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తన వంతు అయిపోయింది, ఇక పని చేయాల్సింది నేను.

సిగ్గు విడిచి రాస్తున్నాను, నా చెయ్యి కదిలింది. అలవాటుగా ఒక అక్షరం రాసేసింది. గుండ్రంగా, అందంగా వచ్చింది. పిచ్చుక కాగితం వైపు చూడనే లేదు.

"ఈ అక్షరాలు నావండీ" అన్నాను.

ఆ తర్వాత ఆవిడ అడుగుతూ పోయింది, నేను చెబుతూ పోయాను.

"గుండీలు?"

"నేనే."

"జడ?"

"నేనే."

"అన్నం?"

"స్పూను పట్టుకుంటుంది. తినిపించేది నేనే."

బొంగరం సంగతీ చెప్పాను, పెద్ద భవనం హాలు సంగతీ చెప్పాను. చెబుతున్నప్పుడు ఏడ్చాను. ఆవిడ విన్నది. మేడమ్ నా వైపు కాకుండా గోడ మీద ఫోటో వైపు చూస్తోంది. తోడు టీచరు మాత్రం నన్నే చూస్తోంది.

"నేను పనికిరాననుకున్నాను పెద్దమ్మగారూ" అంది. "సంవత్సరం నుంచీ రోజూ ఇంటికెళ్ళి అదే అనుకున్నా."

నేను పిచ్చుక జడ సర్దుతూ కూర్చున్నాను.

అధికారిణి ఫారం తీసి నా ముందు పెట్టింది.

"మూడో గడి అంటే మీకు భయం. అర్థమైంది. మధ్యలో ఇంకో గడి ఉంది కదండీ, 'సాయంతో చేస్తుంది' అని. రెండేళ్ళలో దాంట్లో ఒక్క టిక్కు కూడా లేదు. అది పెట్టి ఉంటే ఈ అమ్మాయిని తీసేయమని ఎవరూ అనేవాళ్ళు కాదు. ఎందుకు పెట్టలేదు?"

ఆ మధ్య గడి పక్కన ఒక ఖాళీ గీత ఉంటుంది. ఎంత సాయం, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆగిపోతుంది, ఎన్ని నిమిషాలు, అని అక్కడ రాయాలి. అది రాయాలంటే పక్కన నిలబడి చూడాలి. నేను చూడలేదు. పిచ్చుక కోసమే చేశానని ఇన్ని రోజులుగా రాసుకుంటున్నానే, ఆ మాట ఆవిడ ముందు అనలేకపోయాను.

ఆవిడ తన కాగితం మీద రాసి, పైకి చదివింది. తోడు టీచరు ఈ ఏడాదంతా కొనసాగాలి. పాపని ఎక్కడికీ మార్చకూడదు. వచ్చే ఏడాది మళ్ళీ చూడాలి. అంతవరకు నాకు వినపడింది. మా మాటలేవీ పట్టనట్టు పిచ్చుక పెన్సిలుతో బల్ల అంచు మీద టకటక కొడుతోంది.

అధికారిణి వెళ్ళాక మేడమ్ తలుపు వేసింది.

"మిగతా పదకొండుమందివి?" అని అడిగింది.

సెప్టెంబరు 21

మేడమ్‌కి ఇవాళ జవాబు చెప్పాను. పన్నెండూ అన్నాను.

సెప్టెంబరు 23, సోమవారం

ఈ నెలాఖరుతో నన్ను మానేయమన్నారు. విచారణ ఉంటుందట. గోడ మీది ఫోటో అప్పుడే లేదు, మేకు ఉంది. వెళ్ళేలోగా పన్నెండు ఫారాలూ ఉన్నదున్నట్టు మళ్ళీ నింపాలి. పిల్లల సంగతి నాకంటే ఎవరికీ తెలియదు కాబట్టి నేనే నింపాలట. తోడు టీచరు పక్కన కూర్చుని చూస్తుంది.

బడి వదిలాక ఇద్దరం దుప్పట్ల గదిలోనే కూర్చున్నాం. మొదట పిచ్చుకది తీశాం. ఆ అమ్మాయి చదువుతోంది, పెన్ను నా చేతిలో ఉంది.

"పళ్ళు తోముకోవడం."

బ్రష్షు పిచ్చుక చేతిలో ఉండగా నేను ఎప్పుడు చూశాను? గుర్తు రాలేదు. "తెలియదు" అన్నాను.

"మొహం కడుక్కోవడం?"

"తెలియదు."

"సాక్సులు?"

తెలియదు. బూట్లు, తెలియదు. దువ్వెన, తెలియదు. ఐదేళ్ళు ఈ చేతులతో పెంచాను. తన మోకాలి మీద ఎన్ని మచ్చలున్నాయో చెప్పగలను, ఏ సబ్బు వాసన పడదో చెప్పగలను. మొత్తం ముప్పై ఒక్క వరసల్లో నాకు జవాబు తెలియలేదు.

ఆ అమ్మాయి ఫారం మూసేసింది. ఇవాళ మొదటిసారి నా కళ్ళలోకి చూసింది.

"రేపు పొద్దున ఆరింటికి వస్తా. మీరు చేతులు వెనక్కి కట్టుకోండి. ఇద్దరం ఊరికే చూద్దాం."

"బస్సు తప్పిపోతుంది."

"తప్పిపోనివ్వండి. నడిపించుకుని తీసుకెళ్తా."

ఉద్యోగం పోయినందుకు కూడా ఇంత భయం వేయలేదు.

సెప్టెంబరు 24, మంగళవారం

బస్సు తప్పిపోయింది.

గుండీలు రెండే పెట్టుకుంది, అవీ ఒకదానికి ఒకటి కలవలేదు. బ్రష్షు నోట్లో పెట్టుకుని నమిలింది. మధ్యలో నాలుగుసార్లు నా చేతుల కోసం చుట్టూ తిరిగి వచ్చింది. నేను చేతులు చీరచెంగుతో కట్టేసుకున్నాను, నిజంగానే కట్టేసుకున్నాను, లేకపోతే ఆగేటట్టు లేవు.

తర్వాత గుమ్మం దగ్గర కూర్చుంది. కాసేపు కాళ్ళు చాచి ఆగింది. ఎవరూ రాలేదు. అప్పుడు తనే వంగి ఎడమ బూటు తీసుకుని ఎడమ కాలికి వేసుకుంది. కుడిది కుడి కాలికి వేసుకుంది. పట్టీలు బిగించి, లేచి, తలుపు వైపు గెంతింది. నిమిషం పట్టిందో లేదో.

నేను తోడు టీచరు వైపు చూశాను.

"చూశావా? చూశావా అమ్మాయ్? ఎప్పుడు నేర్చుకుంది?"

ఆ అమ్మాయి ఆశ్చర్యపోయి నావైపు చూసింది.

"బడిలో రోజూ వేసుకుంటుంది కదా పెద్దమ్మగారూ. తరగతి బయట విప్పి పెడతారు. సంవత్సరమైంది. మీరు ఫారంలో రాశారుగా, స్వయంగా చేస్తుందని?"

రాశాను. అబద్ధమనుకునే రాశాను. రాసిన రోజు పొద్దున కూడా గుమ్మంలో కూర్చోబెట్టి, ఆ కాళ్ళకి నేనే బూట్లు తొడిగాను. తను ఊరుకుంది.

ఇద్దరూ నడుచుకుంటూ వెళ్ళారు. ఇంకా పదకొండుమంది ఫారాలున్నాయి. నెలాఖరుకి ఆరు రోజులున్నాయి.